కాశీకి తొలి మజిలీ తండయారుపేట

1830వ సంవత్సరం మే నెల 18వ తేదీ, మంగళవారం. రాత్రి తొమ్మిది గంటలవేళ చెన్నపట్టణంలో ఒక పెద్ద ఉద్యోగి సపరివారంగా ఊరు విడిచి కాశీయాత్రకు బయలుదేరినాడు. పేరు ఏనుగుల వీరాస్వామయ్య. ఆయన వెంట కదిలినవారు సుమారు నూరుమంది. వెళ్ళవలసినది తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగల మీదుగా కాశీకి. తిరిగి రావలసినది గయ, కలకత్తా, పూరీ జగన్నాథం చూసుకొని సముద్రతీరం వెంబడి. ఇంత దారి ముందు పెట్టుకొని ఆ రాత్రి ఆయన చేరినది ఎక్కడికి? తండయారుపేటకు. అంటే ఊరికి ఉత్తరపు అంచున ఉన్న పేటకు. ఈనాడు సిటీ బస్సెక్కితే టిక్కెట్టు తీసుకొనేలోపల వచ్చేటంత దూరం.

వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర పేరు వినని తెలుగువారు మన సంఘంలో అరుదు. పుస్తకం పూర్తిగా చదివినవారు అంతకంటే అరుదు. ఫర్వానియాలో మా కుటుంబాలు నాలుగైదు గురువారం రాత్రులు కలుసుకొని తలా కొన్ని పుటలు చదువుకొంటూ వస్తున్నాము. చదివినకొద్దీ మాకు ఆశ్చర్యం కలిగించినది కాశీ కాదు, ప్రయాగ కాదు. ఈ మొదటి రోజే. ఇంత పెద్ద యాత్రలో ఇంత చిన్న మొదటి అడుగు ఎందుకు? దాని వెనుక ఏమేమి ఉన్నవి? వాటిని గురించే ఈ నాలుగు మాటలు.

మొదట మనిషిని గురించి. వీరాస్వామయ్యగారు జమీందారు కాదు, సన్యాసి అంతకన్నా కాదు. నెల జీతగాడు. చెన్నపట్టణంలో 1801లో ఇంగ్లీషువారు సుప్రీం కోర్టు నెలకొల్పినారు. న్యాయమూర్తులు ఇంగ్లీషు దొరలు. వాది ప్రతివాదులు, సాక్షులు తెలుగువారు, తమిళులు. ఒకరి మాట ఒకరికి తెలియదు. ఆ కోర్టులో దుబాసీలకు పెద్ద, అంటే హెడ్ ఇంటర్‌ప్రిటర్, మన వీరాస్వామయ్యగారు. మాటను ఈ గట్టునుంచి ఆ గట్టుకు మోయడం ఆయన ఉద్యోగం. పరాయి ప్రభుత్వపు కచేరీలో, పరాయి భాషలో, నమ్మకంగా పనిచేసి పైకి వచ్చిన మధ్యతరగతి మనిషి. మనలో డాక్టర్లు, ఇంజనీర్లు, అకౌంటెంట్లు ఆయనను చూసి ముత్తాతగారిని చూసినట్టు అనుకొంటే తప్పులేదు. రోగి అరబీలో చెప్పిన బాధను మనసులో తెలుగు చేసుకొని, ఇంగ్లీషులో కాగితం మీద పెట్టే పని మాకు రోజూ ఉన్నదే.

జీతగాడు గనుక ఆయన యాత్ర పంచాంగంతో మొదలు కాలేదు, సెలవుతో మొదలైంది. కోర్టు దొరల దగ్గర సెలవు పొందిన తరవాతే ప్రయాణపు మాట. అదీ వారం పది రోజుల సెలవు కాదు. 1830 మేలో వెళ్ళిన మనిషి 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చినాడు. పదిహేను నెలలు దాటి మరి పదిహేను రోజులు. ఇప్పటి ఏ ఆసుపత్రిలోనైనా, ఏ కంపెనీలోనైనా ఇంత సెలవు అడిగి చూడండి! దొరలు ఇచ్చినారంటే ఆయన మీద వారికి ఉన్న గురి అటువంటిదని అనుకోవాలి.

తెలుగులో 'సెలవు' అనే మాటకు ఒక సొగసున్నది. కచేరీలో అధికారి ఇచ్చేదీ సెలవే. గడప దాటుతూ పెద్దవాళ్ళ దగ్గర మనం తీసుకొనేదీ సెలవే. వీరాస్వామయ్యగారి కాలంలో ఈ రెండో సెలవు మొదటిదానికంటే బరువైనది. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనని సామెత. అది ఊరికే పుట్టలేదు. 1817లో వంగదేశంలో రేగిన కలరా దేశమంతా చుట్టి వచ్చింది. దారిలో నీళ్ళే మనిషిని తీసుకొనిపోయే రోజులవి. రోగానికి కారణం నీళ్ళలో ఉన్నదని జాన్ స్నో లండనులో చూపించడానికి ఇంకా పాతికేళ్ళు ఉన్నది. అందుచేత దూరయాత్రకు పోయేవారు అప్పులు తీర్చి, ఇవ్వవలసినవి ఇచ్చి, మాటపట్టింపులు ఉన్న బంధువుల ఇంటికి కూడా వెళ్ళి చెప్పి వచ్చేవారు. ఊరివారు పొలిమేర దాకా సాగనంపేవారు. ఈ పనులన్నీ ఒక్క పూటలో తెమిలేవి కావు. మొదటి రోజు నడక చిన్నది కావడానికి ఇది ఒక కారణం.

రెండో కారణం మన ఇళ్ళలో పెద్దలు చెప్పగా వినే ఉంటారు. దాని పేరు ప్రస్థానం. ముహూర్తం వచ్చింది, ప్రయాణానికి సరంజామా సిద్ధం కాలేదు. అప్పుడేం చేయాలి? ఆ ఘడియకు ఇల్లు విడిచి, వెళ్ళవలసిన దిక్కున మరొకరి ఇంటనో, తోటలోనో, గుడిలోనో మకాం పెట్టాలి. అదీ కుదరకపోతే తనకు బదులు ఒక వస్త్రమో, గొడుగో, పుస్తకమో ఆ దిక్కున ఒక ఇంట్లో ఉంచి, నాలుగు రోజులకు అక్కడినుంచి దానిని తీసుకొని సాగిపోవాలి. శాస్త్రం దృష్టిలో ప్రయాణం ఆ ఘడియకే అయిపోయింది. మనిషి ఇంకా ఊళ్ళోనే ఉండవచ్చు, యాత్రికుడు మాత్రం బయలుదేరినట్టే. మూటలు సర్దుకోవడం, మరిచిపోయినవి తెప్పించుకోవడం, బోయీలతో కూలి మాట ఖాయం చేసుకోవడం, ఇవన్నీ ఆ మకాంలో జరుగుతవి. వీరాస్వామయ్యగారి తండయారుపేట బస ఈ పద్ధతికి సరిగ్గా సరిపోయేది. అక్కడినుంచి ఆయన మాధవరం చేరినారు. అదీ చెన్నపట్టణానికి కూతవేటు ఊరే. ఆ పైన ఉత్తరంగా, పడమరగా కాళహస్తి, తిరుపతుల దారి.

ఇక్కడ ఒక చమత్కారం. మంగళవారం ఉత్తరానికి వారశూల అని పంచాంగాలన్నీ చెబుతవి. ఆయన వెళ్ళినది మంగళవారం, వెళ్ళినది ఉత్తరానికి. నిష్ఠ గల బ్రాహ్మణుడు, శాస్త్రం తెలిసినవాడు. శూలను మించిన తిథి నక్షత్రాల బలం ఏదో ఉండవచ్చు. మా ఊహ మాత్రం వేరు. సెలవు తేదీ ఒకసారి ఖాయమైతే పంచాంగం దానికి సర్దుకొంటుంది. విమానం టిక్కెట్టు కొన్న తరవాత మనవాళ్ళు వర్జ్యం చూసుకొని, ఆ వేళకు పెట్టె ఒక్కటి ముందుగా గడప బయట పెట్టడం లేదూ? దానినే మేము ప్రస్థానపు మనవడు అంటాము.

మొదటి రోజును పొట్టిగా ఉంచడం మన ఒక్కరి తెలివి కాదు. ఈజిప్టునుంచి మక్కాకు వెళ్ళే హజ్ బిడారు వందల ఏళ్ళపాటు కైరోనుంచి మేళతాళాలతో బయలుదేరి, ఊరికి దగ్గరలోనే ఉన్న బిర్కత్ అల్ హజ్ అనే చెరువు దగ్గర దిగేది. వెనుకబడినవారు అక్కడ కలిసేవారు. సాగనంపడానికి వచ్చినవారు అక్కడ ఆగిపోయేవారు. మహారాష్ట్రంలో ఏటా ఆషాఢానికి పండరిపురం నడిచివెళ్ళే వార్కరీల సంగతి మన నిజామాబాదు, ఆదిలాబాదు వారికి బాగా తెలుసు. జ్ఞానేశ్వరుని పాదుకల పల్లకీ ఆళందినుంచి కదులుతుంది. కదిలి, ఆ రాత్రికి ఆళందిలోనే నిద్ర చేస్తుంది! తుకారాం పల్లకీ దేహూలో కదిలి మొదటి రాత్రి దేహూలోనే ఉంటుంది. ఆ కదలికకు వారు పెట్టుకొన్న పేరు కూడా ప్రస్థానమే. ఇరవై రోజుల నడకలో ఒక రోజు పూర్తిగా ఊరు విడవడానికే సరి. ఆ పల్లకీ ఊరేగింపు ఈనాటి రూపం దిద్దుకొన్నది పందొమ్మిదో శతాబ్ది తొలి దశాబ్దాలలో. అంటే సుమారుగా మన వీరాస్వామయ్యగారి కాలంలోనే.

ఈ చరిత్ర అంతా మేము తవ్వడానికి అసలు కారణం ఒక ప్రశ్న. మా క్లినిక్కుకు వచ్చే తెలుగువారిలో ఎక్కువమంది కడప, రాయచోటి, రాజంపేట, కోడూరు వైపువారు. గోదావరి జిల్లాలవారు తరవాత. అందులో ఒక తల్లి, ఒక ఇంట్లో వంటపని చేస్తుంది. చక్కెరజబ్బు ఉన్నది. కూతురి కాన్పు కష్టమైనప్పుడు, ఇంటి దగ్గరనుంచి కొండకు నడిచివస్తానని వెంకటేశ్వరస్వామికి ఇక్కడినుంచే మొక్కుకొన్నది. పెరటాసి మాసానికి సెలవు దొరుకుతుందని ఆశ. మందులు రాయించుకొని లేస్తూ అడిగింది: “సారూ, ఒక మాట. నేను ఈడ ఇమానం ఎక్కే దినం నుంచే చెప్పులు ఇడిసిపెట్టాల్నా, మా ఊర్లో నడక మొదులుపెట్టిన పొద్దు నుంచి ఇడిస్తే చాల్నా?”

వైద్య కళాశాలలో ఇటువంటి ప్రశ్నకు జవాబు నేర్పరు. కాని ప్రశ్న చిన్నది కాదు. యాత్ర ఎక్కడ మొదలవుతుంది? గడప దగ్గరా, విమానాశ్రయం దగ్గరా, ఊరి పొలిమేర దగ్గరా, కొండ కింద మొదటి మెట్టు దగ్గరా? 

మనం ఉంటున్న ఈ దేశపు జనానికి ఈ ప్రశ్నకు నిక్కచ్చిగా ఒక జవాబు ఉన్నది. మక్కాకు నాలుగు దిక్కులా కొన్ని హద్దులు ఏర్పాటై ఉన్నవి; వాటిని మీఖాత్ అంటారు. నజ్ద్ వైపునుంచి వచ్చేవారికి తాయఫ్ దగ్గరి ఖర్న్ అల్ మనాజిల్ ఆ హద్దు. ఇరాకు వైపువారికి ధాత్ ఇర్ఖ్. ఆ హద్దు దాటేలోపల స్నానం చేసి, కుట్టని బట్ట కట్టి, సంకల్పం చెప్పుకోవాలి. అక్కడినుంచి నియమాలు. అంతవరకూ ఎంత దూరం వచ్చినా అది ప్రయాణమే. ఇప్పుడు విమానంలో వెళ్ళేవారికి ఆ హద్దు దగ్గర పడుతున్నదని పైలట్ మైకులో చెబుతాడు. ఒంటెల మీద నజ్ద్ ఎడారి గుండా వారాల తరబడి వెళ్ళిన కాలంలోనూ ఇదే హద్దు. వీరాస్వామయ్యగారు కాశీకి వెళ్ళిననాడు కువైత్ గోడకట్టు లోపల ముత్యాల ఏరివేత మీద, పడవల మీద బతికే చిన్న పట్టణం. ఆయన తిరిగి వచ్చిన 1831లో బాగ్దాదునూ, ఈ తీరాన్నీ మహామారి తుడిచిపెట్టింది. మనం కాపురాలు చేస్తున్న ఫర్వానియా అప్పటికి కోటగోడ బయటి ఇసక.

ఐరోపాలో స్పెయిన్ దేశపు సాంతియాగో క్షేత్రానికి నడిచివెళ్ళే కిరస్తానీ యాత్రికులకు మధ్యయుగాలలో యాత్ర సొంత ఊరి చర్చిలోనే మొదలయ్యేది. పూజారి చేతికర్రనూ జోలెనూ దీవించి ఇచ్చేవాడు. ఈ కాలంలో అక్కడి గుడివారు యాత్రాపత్రం ఇవ్వడానికి నడక కనీసం 100 కిలోమీటర్లు ఉండాలంటారు. గడపనుంచి లెక్క పోయి కిలోమీటర్ల లెక్క వచ్చింది. ఇది మాకు అంతగా నచ్చలేదు. కాళ్ళను కొలిచినట్టున్నది గాని మనిషిని కొలిచినట్టు లేదు.

మన దగ్గర ఇటువంటి గీత ఎవరూ గీయలేదు. మొక్కుకొన్నవారి మాటే శాసనం. అయితే ఆ తల్లి అడిగిన చెప్పుల సంగతికి సరిగ్గా ఆమె ప్రాంతంలోనే ఒక పూర్వకథ ఉన్నది. తాళ్ళపాక అన్నమాచార్యులవారిది. తాళ్ళపాక రాజంపేటకు పక్క ఊరు. అన్నమయ్య జీవితాన్ని ఆయన మనుమడు చిన్నన్న ద్విపదలో రాసినాడు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు దానిని పరిష్కరించగా 1949లో తిరుపతి దేవస్థానం ప్రచురించింది. అందులో అన్నమయ్య మొదటి రోజు ఇలా ఉంటుంది. ఇంట్లోవాళ్ళు పిల్లవాణ్ణి పశువుల మేతకు గడ్డి కోసుకురమ్మని పొలానికి పంపినారు. కొడవలి జారి వేలు తెగింది. నెత్తురు చూసి ఏడుస్తున్న సమయంలో తిరుపతికి పాడుతూ పోతున్న యాత్రికుల గుంపు కనిపించింది. గడ్డి అక్కడే, కొడవలి అక్కడే. పిల్లవాడు గుంపులో కలిసిపోయినాడు. సెలవు లేదు, ముహూర్తం లేదు, ప్రస్థానం లేదు, మూట లేదు.

అలా వెళ్ళినవాడు కొండ ఎక్కుతూ మోకాళ్ళ పర్వతం దగ్గర ఆకలితో సొమ్మసిల్లి పడిపోయినాడు. అప్పుడు అలమేలుమంగ పెద్దముత్తైదువ రూపంలో వచ్చి, ఈ కొండ అంతా సాలగ్రామమయం గదా, చెప్పులు విడిచి చూడమని చెప్పిందనీ, ప్రసాదం పెట్టిందనీ చిన్నన్న రాసినాడు. గమనించవలసినది, తాళ్ళపాకనుంచి కొండ దాకా పిల్లవాడు చెప్పులతోనే నడిచినాడు. అన్నపూర్ణలాంటి ఆ తల్లి దానికి కోపగించుకోలేదు. కొండమీద మాత్రం విడవమన్నది. వీరాస్వామయ్యగారిది సెలవు తీసుకొన్న యాత్ర, అన్నమయ్యది తీసుకోని యాత్ర. పెద్దలకు మొదటిదే మర్యాదగా కనిపిస్తుంది. పాట పుట్టినది మాత్రం రెండోదానిలో.

ఈ కథ ఆధారంగానే మేము ఆమెకు చెప్పినాము. “అమ్మా, నీ మొక్కు నువ్వు ఇక్కడ అనుకొన్ననాడే మొదలైంది. చెప్పులు మాత్రం కొండ కిందికి చేరేదాకా విడవవద్దు. ఆ తల్లే అన్నమయ్యకు కొండమీద చెప్పింది, దారిలో చెప్పలేదు.” ఇందులో వైద్యం పాలు ఎంతో, పురాణం పాలు ఎంతో మేమే తేల్చలేము. చక్కెరజబ్బు పదేళ్ళు దాటినవారికి అరికాలి స్పర్శ తగ్గుతుంది. నైలాన్ పోగుతో గుచ్చి చూస్తే ఆమెకు రెండు వేళ్ళ కింద తెలియలేదు. అటువంటి కాలితో ఎండకు కాగిన తారు రోడ్డు మీద నడిస్తే బొబ్బ లేచిన సంగతి కూడా తెలియదు. సాయంత్రం కాలు కడుక్కొనేటప్పుడు కనిపిస్తుంది. నడిచివెళ్ళే మన పెద్దవాళ్ళందరికీ ఈ మాట చెప్పండి: మెత్తని నూలు మేజోళ్ళు, అలవాటైన పాత చెప్పులు, ప్రతి మజిలీలో అరికాలు ఇంకొకరి చేత చూపించుకోవడం. మొదటి రోజు ఉత్సాహంలో ఎక్కువ నడవవద్దు. కైరో బిడారూ, పండరి పల్లకీ మొదటి రోజు పొట్టిగా ఎందుకు ఆగినవో కాళ్ళను చూసే డాక్టరుకు బాగా అర్థమవుతుంది. కొత్త నడకకు కాలు అలవాటు పడడానికి రెండు మూడు రోజులు పడుతుంది.

కాళ్ళ మాట వచ్చింది గనుక ఒక సంగతి దాటవేయరాదు. వీరాస్వామయ్యగారి యాత్రను నడకయాత్ర అంటున్నాము గాని, నడిచినది ఎవరు? ఆయన ప్రయాణం సవారీలో. ఆ కాలపు వాడుకలో ఒక సవారీకి నలుగురేసి బోయీలు విడతలు మార్చుకొంటూ మోసేవారు. రాత్రి ప్రయాణమైతే ముందు దివిటీ పట్టుకొని ఒకడు పరుగెత్తేవాడు. వెనుక డేరాలు, వంటపాత్రలు, కావడి బరువులు మోసేవారు. మే నెల కత్తెర ఎండలకు చెన్నపట్టణం వీధులు రాత్రి తొమ్మిదికి కూడా చల్లారవు. ఆ నూరుమందిలో కాశీకి నిజంగా నడిచివెళ్ళినది వారే. వారు కాశీ చూసినారు, గంగలో మునిగినారు. పదిహేను నెలలు భార్యాబిడ్డలను విడిచి ఉన్నారు. వారి మొదటి రోజు ఎవరి దగ్గర సెలవు తీసుకొంటే గడిచిందో ఏ పుస్తకంలోనూ లేదు.

వీరాస్వామయ్యగారిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆ కాలపు పెద్దమనుషులలో ఆయన చూపు విశాలమైనది. ప్రతి మజిలీలోనూ నీళ్ళున్నవా, అంగళ్ళున్నవా, దిగడానికి చోటున్నదా అని తరవాత రాబోయే ముసాఫరుల కోసం రాసిపెట్టినారు. ప్రయాగలోనూ గయలోనూ కంపెనీవారు యాత్రికుల దగ్గర తల పన్ను గుంజుకొన్న కాలం అది. 1840లో గాని ఆ పన్ను పోలేదు. దారి పొడుగునా తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారికి సంగతులు రాసి పంపుతూ వచ్చినారు. వీరాస్వామయ్యగారు 1836లో పోయినారు. పిళ్ళెగారే పూనుకొని 1838లో పుస్తకం అచ్చువేయించినారు. దిగవల్లి వేంకటశివరావుగారు 1941లో మళ్ళీ వెలుగులోకి తెచ్చినారు. ఒక ఉద్యోగి ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరాలు లేకపోతే ఆ మంగళవారం రాత్రి మనకు మిగిలేది కాదు. ఉత్తరాలు రాయగలిగినవాడి మొదటి రోజు మిగిలింది, రాయలేనివాడిది పోయింది.

ఇదే తేడా ఫర్వానియాలో మన కళ్ళముందే ఉన్నది. మనకు సెలవు అంటే ఒక దరఖాస్తు, ఒక సంతకం, పిల్లల బడి సెలవులతో ఒక సర్దుబాటు. 2025 జులై 1నుంచి ప్రైవేటు ఉద్యోగాలలోని ప్రవాసులందరూ దేశం దాటే ముందు యజమాని అనుమతి పత్రం పొందాలని నిబంధన వచ్చింది. వచ్చినప్పుడు మనం కొంచెం విసుక్కొన్నాము, ఫోనులో నాలుగు మీటలు నొక్కి పని జరుపుకొన్నాము. ఇళ్ళలో పనిచేసే తల్లుల సంగతి అది కాదు. 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం, పనివారి పాస్‌పోర్టు యజమాని తన దగ్గర పెట్టుకోరాదని చెబుతున్నది. చట్టం మంచిదే. కాని పాస్‌పోర్టు ఏ బీరువాలో ఉన్నదో, ఎప్పుడు చేతికి వస్తుందో తెలియక మొక్కు తేదీ చెప్పలేనివారు మా క్లినిక్కు బల్లమీద కూర్చొని ఇప్పటికీ కనబడుతూనే ఉన్నారు. ఆ వంటమనిషి తల్లికి పెరటాసిలో సెలవు దొరకలేదు. ఇంటివారి పెళ్ళి వచ్చిందట, తరవాత చూద్దామన్నారట. మనుమరాలికి ఏడాది నిండింది. మొక్కు అలాగే ఉన్నది. మా లెక్కలో ఆమె కూడా తండయారుపేటలోనే ఉన్నది: బయలుదేరినది, ఇంకా ఊరు దాటలేదు.

సెలవు అడగడానికి ఎవరూ లేని మొదటి రోజు కూడా మన సంఘం పెద్దలు చూసినారు. 1990 ఆగస్టు 2న ఇరాకు సేనలు వచ్చినవి. మనవారు బస్సులలో బస్రా, బాగ్దాదు మీదుగా జోర్డాను సరిహద్దు చేరి, అమ్మానునుంచి ఎయిరిండియా విమానాలలో ఇళ్ళకు చేరినారు. లక్షా డెబ్బైవేలకు పైగా భారతీయులను అప్పుడు తరలించినారు. ఆ ఎడారిలో తిరుపతి కొండకు నడిచివస్తామని మొక్కుకొన్నవారు, బొంబాయిలో దిగి ఇంటికి పోకుండా తిన్నగా అలిపిరి దారి పట్టినవారు మనలో ఉన్నారు. వారిని కూర్చోబెట్టి ఆ మొదటి రోజు సంగతులు కాగితం మీద పెట్టించే పని ఈ పత్రిక చేపట్టాలని మా కోరిక. వారి వయసు చూస్తే తొందరపడక తప్పదు. చెప్పేవారు చెప్పితే రాసిపెట్టడానికి మేము సిద్ధం.

రైలు వచ్చి మొదటి రోజు స్వరూపమే మార్చివేసింది. చెన్నపట్టణంనుంచి రేణిగుంట, కోడూరు, రాజంపేట, నందలూరు, కడపల మీదుగా సాగిన ఇనుపదారి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి దారితో కలిసింది. అక్కడినుంచి కాశీ పదిహేను నెలల మాట కాకుండా పోయింది. బోయీలు రైల్వే కూలీలైనారు. ప్రస్థానం రైల్వే ప్లాట్‌ఫారం మీదికి చేరింది. నడక మొక్కుగా మాత్రం మిగిలింది, అదీ తిరుమలకు. రాజంపేట వైపువారు కోడూరు మీదుగా కుక్కలదొడ్డి చేరి, అక్కడినుంచి శేషాచలం అడవిలో అన్నమయ్య దారిన కొండకు పోతారు. అడవి దారి గనుక అధికారుల అనుమతి ఉన్న రోజులలో, గుంపుగానే పోవాలి. మిగిలినవారికి అలిపిరి మెట్లు మూడున్నరవేలు, లేదా శ్రీవారిమెట్టు రెండువేల మూడువందల ఎనభై ఎనిమిది.

కువైత్‌నుంచి చెన్నై విమానంలో వెళ్ళి నడవదలచినవారికి ఒక వివరం. మీనంబాకంలో దిగిన తరవాత తిరుపతి, కాళహస్తి, నెల్లూరు వైపు బస్సుల కోసం పూర్వంలాగా కోయంబేడు పోనక్కరలేదు. 2018 అక్టోబరులో ఆంధ్రా బస్సులకు వేరే స్టాండు తెరిచినారు. అది మాధవరంలో ఉన్నది. వీరాస్వామయ్యగారు తండయారుపేట విడిచి చేరిన ఆ మాధవరమే. రాత్రి తొమ్మిదికి కూడా అక్కడ తిరుపతి బస్సు దొరుకుతుంది. పెట్టెలు ఎక్కువ ఉంటే కండక్టరుతో ముందే మాట్లాడుకోవాలి.